జాగ్రత్త: డొక్కానో డొక్కుది కాదు, పెట్టినవాడికే డొక్కశుద్ధి లేదు

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి జరిగింది. ఇంకా చేతులు వణుకుతున్నాయి, అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

ఆన్‌లైన్‌లో పనులు ఒప్పుకునే ప్లాట్‌ఫారమ్‌లో ఐదు నక్షత్రాలు తగిలించుకుని, "సర్వర్ సెటప్ ఏదైనా ఒక్కరోజులో" అని తిరిగే ఆయన ఎవరో ఇక్కడ సగం మందికి తెలుసు. పేరు రాయను. మీలో ముగ్గురు నాకు ఆయన్నే చెప్పారు. మిమ్మల్ని ఏమీ అనట్లేదు, మీ వెబ్‌సైట్లు బాగానే చేసిపెట్టి ఉంటాడు. నా పని మాత్రం బూడిదలో పోసిన పన్నీరైంది.

సంగతి త్వరగా చెప్పేస్తాను. తెలుగు వార్తల్లోని వాక్యాల్లో మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, సంస్థల పేర్లు గుర్తించి లేబుల్ పెట్టి ఇచ్చే పని ఒకటి ఒప్పుకున్నాను. మొత్తం ముగ్గురం: నేను, మా అక్క కూతురు, రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన. దీనికి డొక్కానో అనే సాఫ్ట్‌వేర్ సరిపోతుందని తెలిసినవాళ్ళు చెప్పారు. పేరు విని మా ఆయన "డొక్కు సాఫ్ట్‌వేరా?" అన్నారు. కాదు, మంచిదే. ఓపెన్ సోర్స్ (అంటే కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది), ఎవరైనా ఉచితంగా వాడుకోనిచ్చే ఎం.ఐ.టి. లైసెన్స్, 2018 నుంచి ఉంది, పైసా ఖర్చు లేదు. బ్రౌజర్‌లో వాక్యం కనిపిస్తుంది, మౌస్‌తో పదాన్ని సెలెక్ట్ చేస్తే ఏ లేబుల్ పెట్టమంటావని అడుగుతుంది. అరవై ఏడేళ్ళ మాస్టారు అరగంటలో నేర్చుకున్నారు. నాకేమో నల్ల తెర మీద కమాండ్లంటే భయం. అందుకే పెట్టే పని ఆయనకి అప్పగించాను. ఆ భయం ఖరీదు ఆరు వేలు.

మొదట్లోనే తెలుసుకోవాల్సింది. ముందు పిప్‌తో, అంటే పైథాన్ సాఫ్ట్‌వేర్లు దించే కమాండ్‌తో, ఇన్‌స్టాల్ చేశాడు. పేజీ తెరుచుకుంది, లాగిన్ అయ్యాం, వాక్యాల ఫైలు ఎక్కిద్దామంటే చక్రం తిరుగుతూనే ఉంది. రెండు రోజులు తిరిగింది. "సర్వర్ కెపాసిటీ చాలట్లేదు అక్కా, ట్యూనింగ్ చెయ్యాలి" అని ఇంకో పదిహేను వందలు అడిగాడు. ఇచ్చాను. నిన్న రాత్రి నిద్ర పట్టక ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళు రాసిన సూచనలు చదివాను. మొదటి పేజీలోనే ఉంది! వెబ్‌సర్వర్‌ని ఒక టెర్మినల్‌లో (అదే, ఆ నల్ల తెర) నడపాలి, ఇంకో టెర్మినల్‌లో "డొక్కానో టాస్క్" అని కొట్టాలి. ఫైళ్ళు ఎక్కించడం, దించడం ఆ రెండోది చూసుకుంటుంది. ఈ మహానుభావుడు రెండోది నడపనే లేదు. రెండు పదాల కమాండ్. పదానికి ఏడు వందల యాభై చొప్పున తీసుకున్నాడన్నమాట.

తర్వాత అదంతా తీసేసి డాకర్‌లో పెట్టాడు. సాఫ్ట్‌వేర్‌ని దానికి కావాల్సినవాటితో సహా కంటైనర్ అనే విడి డబ్బాలో నడిపే ఏర్పాటు అది. అందులో ఆ రెండూ కలిసే నడుస్తాయి కాబట్టి ఫైలు ఎక్కింది. ఆహా, ట్యూనింగ్ అంటే ఇదీ అనుకుని మురిసిపోయాను. "ఆర్డర్ కంప్లీట్ నొక్కేయండి అక్కా, ట్యూనింగ్ డబ్బులు మాత్రం బయట యూపీఐలో కొట్టండి, కమీషన్ కలిసొస్తుంది" అన్నాడు. కొట్టాను. నొక్కాను. పదిహేనేళ్ళుగా ఆన్‌లైన్‌లో వస్తువులు కొంటున్న మనిషిని, మా అమ్మకి "ఓటీపీ ఎవరికీ చెప్పకు" అని రోజూ పాఠాలు చెప్పే మనిషిని.

ఏడు వారాలు పనిచేశాం. బయటివాళ్ళకి ఇది మౌస్ తిప్పే పనిలా కనిపిస్తుంది. "కృష్ణా" అని వస్తుంది. అది నదా, జిల్లానా, ఎవరినైనా పిలుస్తున్నారా? వాక్యమంతా చదివితే గానీ తేలదు. "గోదావరి ఎక్స్‌ప్రెస్"లో గోదావరికి ఊళ్ళూ నదుల లేబుల్ పెట్టాలా, వద్దా? "విజయవాడలోనే" అని ఉంటే లేబుల్ "విజయవాడ" దగ్గర ఆపాలా, "లోనే"ని కూడా కలపాలా? ఇంగ్లీషులో ఊరి పేరు విడిగా ఉంటుంది, మనకి విభక్తి దాని తోకకి అతుక్కుని వస్తుంది. ఈ ఒక్కదాని మీదే మాస్టారికీ మా పిల్లకీ మూడు రోజులు వాదన. చివరికి పేరు వరకే లేబుల్, ప్రత్యయం బయట అని తీర్మానించుకున్నాం. డొక్కానోలో ప్రతి వాక్యానికీ కామెంట్ రాసే చోటుంది, ప్రాజెక్టుకి గైడ్‌లైన్ అని ఒక పేజీ ఉంది. మా తీర్మానాలన్నీ అందులోనే రాసుకున్నాం. మాస్టారైతే కామెంట్లలో వ్యాకరణ సూత్రాలు కూడా రాశారు. నాలుగు వేల మూడు వందల వాక్యాలు పూర్తయ్యాయి. ఈ నెలాఖరుకి అప్పగించాలి.

మొన్నటి నుంచి సేవ్ అవ్వట్లేదు. డిస్క్ నిండిపోయిందని ఎర్రగా ఏదో వస్తోంది. ఆయనకి మెసేజ్ పెట్టాను. "చిన్న పని అక్కా, ఐదు నిమిషాలు, స్క్రీన్ షేర్‌లో మీ ముందే చేస్తా" అన్నాడు.

నా ముందే చేశాడు. అదే నా బాధ.

నేను చూస్తూనే ఉన్నాను. ముందు కంటైనర్ ఆపి తీసేశాడు. తర్వాత "డాకర్ సిస్టమ్ ప్రూన్" అని, వాడకంలో లేనివాటిని ఊడ్చేసే కమాండ్ కొట్టి, దాని తోకకి "హైఫన్ హైఫన్ వాల్యూమ్స్" అని తగిలించాడు. తెర మీద హెచ్చరిక వచ్చింది. ఏమేం తీసేయబోతోందో వరసగా రాసి, నిజంగా కొనసాగించమంటావా, వై నొక్కాలా ఎన్ నొక్కాలా అని అడిగింది. నేను ఇంగ్లీషు చదవగలను. వాడకంలో లేని వాల్యూమ్‌లు అన్న మాట చదివాను. "బాబూ, అందులో మా డేటా ఉందేమో?" అని కూడా అన్నాను! ఒట్టు, అన్నాను. "అబ్బే, అది చెత్త అక్కా" అంటూ వై కొట్టేశాడు. నేను ఆ హెచ్చరిక చదవడం పూర్తి చేసేలోపే లైన్లు జరజరా పైకి పోయాయి. చివర ఇన్ని జీబీలు ఖాళీ అయ్యాయని లెక్క వచ్చింది. "చూశారా, ఎంత చెత్తో!" అని నవ్వాడు.

మళ్ళీ ఇమేజ్, అంటే కంటైనర్ తయారుచేసే మూట, దించి, కంటైనర్ లేపి, లాగిన్ అయ్యాడు. ప్రాజెక్టుల పేజీ వచ్చింది. ఒక్క ప్రాజెక్టు లేదు. తెల్లగా, శుభ్రంగా, పెళ్ళయిపోయాక ఖాళీ చేసిన కల్యాణమండపంలా ఉంది. ఆయన అన్న మాట యథాతథంగా రాస్తున్నాను: "చూడండి, ఇప్పుడు ఎంత ఫాస్ట్‌గా ఓపెన్ అవుతుందో."

అవదా మరి! లోపల ఏముందని ఆలస్యమవడానికి?

"మా ప్రాజెక్టు ఏది?" అన్నాను. పది సెకన్లు మాట లేదు. స్క్రీన్ షేర్ ఆగిపోయింది. తర్వాత చాట్‌లో మెసేజ్: "మేడమ్, బ్యాకప్ మీ ప్యాకేజీలో లేదు."

మేడమ్! రెండు నెలలుగా అక్కని. డబ్బు తీసుకున్నంతకాలం అక్కని, డేటా పోయిన పదకొండో సెకనుకి మేడమ్‌ని. ఏడు వారాల పని పోయినందుకంటే ఈ ఒక్క పిలుపు మారినందుకే నాకు ఎక్కువ మండింది, ఎందుకో తెలీదు.

ఫోన్ చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. "ఓపెన్ సోర్స్ అంటే అంతేనండీ, ఫ్రీగా వచ్చేదానికి గ్యారంటీ ఎవరిస్తారు? లైసెన్స్‌లోనే రాసుంటుంది" అన్నాడు. నిజమే, ఎం.ఐ.టి. లైసెన్స్‌లో రాసుంది, ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, వారంటీ ఏదీ లేదని. ఆ మాట అనే హక్కు ఉచితంగా రాసి ఇచ్చినవాళ్ళది. నువ్వు ఉచితంగా పెట్టావా నాయనా? ఏడున్నర వేలు తీసుకుని, ఊరకే ఇచ్చినవాళ్ళ గొడుగు కింద దూరతావా? ఈ మాటలు ఫోన్‌లో అనలేకపోయాను. గొంతు పూడుకుపోయింది. ఆపైన ఆయనే అన్నాడు: "తెలుగే కదా మేడమ్, మళ్ళీ పెట్టించుకోండి, ఎంతసేపు?"

తెలుగే కదా. ఇది టైప్ చేస్తుంటే కూడా చెవుల్లో వినిపిస్తోంది.

రాత్రి రెండింటిదాకా కూర్చుని చదివితే అసలు కథ అర్థమైంది. నాలాంటివాళ్ళ కోసం చెప్తాను. కంటైనర్ అద్దె గది లాంటిది. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఖాళీ చేసి ఇంకోటి తీసుకోవచ్చు, తప్పేం లేదు. సామాను వాల్యూమ్ అనే బీరువాలో ఉండాలి. బీరువాకి మనం పేరు పెడితే కొత్త గదిలోకి అదే బీరువా తెచ్చుకోవచ్చు. పేరు పెట్టకపోతే డాకరే అరవై నాలుగు అక్షరాల పిచ్చి పేరొకటి పెట్టి మూలన పడేస్తుంది. గది ఖాళీ చేశాక అది ఎవరిదో తెలియని బీరువా. ఆ కమాండ్ ఊడ్చేది సరిగ్గా అలాంటి అనామక బీరువాల్నే. డొక్కానో వాళ్ళు తమ సూచనల్లో ఇచ్చిన కమాండ్‌లో "హైఫన్ వి" అని, డేటా ఉండే చోటికి "డొక్కానో-డీబీ" అనే పేరు పెట్టే ముక్క ఉంది. కళ్ళు మూసుకుని కాపీ కొట్టినా మా పని బతికేది. ఆ ఒక్క ముక్కా వదిలేసి మిగతాదంతా కాపీ కొట్టాడు. పాస్‌వర్డ్‌తో సహా. అక్కడ ఉదాహరణకి అడ్మిన్ పాస్‌వర్డ్ "పాస్‌వర్డ్" అని ఇచ్చారు, ఏడు వారాలుగా మా పాస్‌వర్డూ అదే. "సింపుల్‌గా ఉంటే గుర్తుంటుంది అక్కా" అన్నాడప్పుడు. సర్వర్‌లోకి వచ్చే తలుపు, 8000 పోర్టు, ఊరంతటికీ తెరిచే ఉంది.

ఇంకా మండేదేమిటంటే, మా పనంతా ఒకే ఒక్క ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైల్. ఆ ఒక్క ఫైలు ఎక్కడైనా కాపీ పెట్టుకుని ఉంటే ఈ పోస్ట్ ఉండేది కాదు. అడగాల్సింది నేను. అడగలేదు. ఎక్స్‌పోర్ట్ బటన్ రోజూ కళ్ళ ముందే ఉంది, దాన్ని ఒకే ఒక్కసారి నొక్కాను, మూడో వారంలో క్లయింట్ శాంపిల్ అడిగినప్పుడు. ఆ ఆరు వందల వాక్యాలే మిగిలాయి. అవి కూడా విభక్తుల మీద మా తీర్మానం కాకముందువి, అంటే సగం తప్పు.

ప్లాట్‌ఫారమ్‌కి ఫిర్యాదు పెడితే గంటలో జవాబొచ్చింది: ఆర్డర్ పూర్తయిందని మీరే నిర్ధారించారు, బయట చెల్లించిన మొత్తానికి మాకు సంబంధం లేదు. నిజమే కదా. నొక్కింది నేనే, కొట్టిందీ నేనే. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత.

పొద్దున్నే మాస్టారి ఇంటికి వెళ్ళి చెప్పాను. ఫోన్‌లో చెప్పడానికి మనసొప్పలేదు. ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుని, "నేను నోట్‌బుక్‌లో కొంత రాసుకున్నానమ్మా, అలవాటు కొద్దీ" అని లోపలికెళ్ళి తెచ్చిచ్చారు. తీర్మానాలు దాదాపు అన్నీ ఉన్నాయి, తేదీలతో సహా. సర్వర్ కంటే ఆ వంద పేజీల పుస్తకమే నయం. మాస్టారికీ పిల్లకీ చేసిన పనికి డబ్బు ఇచ్చేశాను, మళ్ళీ చేయిస్తే మళ్ళీ ఇస్తాను, అది వేరే సంగతి. క్లయింట్‌కి ఇంకా చెప్పలేదు. చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది.

మీరెవరైనా పెట్టించుకుంటుంటే: పేరున్న వాల్యూమ్ పెట్టారో లేదో అడగండి. నోటి మాట నమ్మొద్దు. పది వాక్యాలు ఎక్కించి, రెండిటికి లేబుల్ పెట్టి, మీ ముందే కంటైనర్ తీసేసి మళ్ళీ లేపమనండి. ఆ పది వాక్యాలూ కనిపించాకే ఆర్డర్ పూర్తయిందని నొక్కండి. పాస్‌వర్డ్ మార్చండి. వారానికోసారి ఎక్స్‌పోర్ట్ చేసుకుని ఆ ఫైల్ మీ దగ్గర పెట్టుకోండి. బయట డబ్బు కట్టొద్దు. అన్నట్టు, నేను ఇందాక మా ఇంటి ల్యాప్‌టాప్‌లో నేనే పెట్టుకున్నాను. కమాండ్లు రెండే, ఒకటి కంటైనర్ తయారుచేసేది, ఒకటి నడిపించేది. ఇరవై నిమిషాలు పట్టింది, అందులో పదిహేను డౌన్‌లోడ్‌కే.

ఇది రాస్తుండగా ఆయన దగ్గర్నుంచి మెసేజ్. "అక్కా, రేటింగ్ ఇవ్వలేదు ఇంకా." మళ్ళీ అక్కనయ్యాను. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

ఒక్క సాయం కావాలి. సర్వర్ ఆపేసి ఉంచాను, దాని మీద ఇంకేమీ రాయకుండా. చెరిపేసిన ఫైల్‌ని డిస్క్ నుంచి వెనక్కి తీసిన అనుభవం ఉన్నవాళ్ళెవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. డబ్బు ఇస్తాను, కానీ పని అయ్యాకే.