క్యూరింగ్ కొలిచేవాళ్లకు రియోమీటర్: నార్మల్ ఫోర్స్ కంట్రోల్ గురించి

రియోమీటర్ (రెండు ప్లేట్ల మధ్య పదార్థాన్ని అటూ ఇటూ మెలిపెట్టి అది ఎంత చిక్కగా, ఎంత గట్టిగా ఉందో కొలిచే మిషను) కొనేటప్పుడు అందరూ టార్క్ రేంజి, ఉష్ణోగ్రత రేంజి అడుగుతారు. ఎపాక్సీ రెజిన్ క్యూరింగ్, అంటే గట్టిపడడం, కొలవాలంటే ముందు అడగాల్సింది నార్మల్ ఫోర్స్ కంట్రోల్ ఉందా లేదా అని. అంటే ప్లేట్లను నిలువుగా తోసే, లాగే బలాన్ని చూసుకుంటూ గ్యాప్‌ను తనే సర్దుకునే ఏర్పాటు. చాలాకాలం వాడాక చెబుతున్నా, అది లేని మిషను ఈ పనికి వద్దు.

నా టెస్టు అమరిక ఇది: 25 మి.మీ. డిస్పోజబుల్ అల్యూమినియం ప్లేట్లు, 1 మి.మీ. గ్యాప్, 1 హెర్ట్జ్. గ్యాప్ కదలకుండా బిగించి పెట్టినా జెల్ దాకా, అంటే రెజిన్ పారడం మానేసే దాకా, ఇబ్బందేమీ ఉండదు. తంటా అంతా ఆ తర్వాతే. గట్టిపడే రెజిన్ కుదించుకుంటుంది, జెల్ అయ్యాక పారి సర్దుకునే వీలుండదు. దాంతో రెండు ప్లేట్లనూ లోపలికి లాగుతుంది. నార్మల్ ఫోర్స్ మైనస్‌లోకి వెళ్లి పెరుగుతూ పోతుంది, చివరికి రెజిన్ ప్లేటు నుంచి ఊడుతుంది. గ్రాఫులో స్టోరేజి మాడ్యులస్ (రెజిన్ ఘనపదార్థంలా ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకె) ఎక్కుతూ ఎక్కుతూ ఒక్కసారిగా కూలుతుంది. హార్డెనర్ పాళ్లు తప్పాయనో, రెజిన్ పాతదనో అనుమానం అటు పోతుంది. ప్లేటు విడదీసి చూడండి: ఒక పక్క అల్యూమినియం మీద రెజిన్ మరక కూడా ఉండదు. తప్పు రెజిన్‌ది కాదు, కొలతది.

ఫోర్స్‌ను 0 న్యూటన్ల దగ్గర, 0.1 అటూ ఇటూగా నిలబెడితే పై ప్లేటు రెజిన్ వెంటే దిగుతుంది. ఇంకో లాభమూ ఉంది. ప్లేట్లకు అంటుకున్న రెజిన్ పక్కలకు కుదించుకోలేదు కాబట్టి, జెల్ తర్వాత గ్యాప్ తగ్గిన శాతమే దాదాపుగా ఘనపరిమాణం తగ్గిన శాతం. 1 మి.మీ. గ్యాప్ 0.98కి వస్తే ష్రింకేజీ సుమారు 2 శాతం. ఉష్ణోగ్రత స్థిరంగా ఉంచిన టెస్టులోనే ఈ లెక్క నమ్మాలి. ఉష్ణోగ్రత పెంచుకుంటూ పోయే ర్యాంప్‌లో ప్లేట్ల వ్యాకోచం కూడా అందులో కలుస్తుంది.

అలాగని మొదటి నుంచీ ఆన్ చేయకూడదు. వేడెక్కిన రెజిన్ నూనెలా పల్చబడ్డప్పుడు తోయడానికి ఎదురు ఉండదు. సెన్సార్ కాస్త డ్రిఫ్టయినా హెడ్ (పై ప్లేటును పట్టుకున్న భాగం) సున్నాను వెతుక్కుంటూ కిందికి పోతుంది, శాంపిల్ అంచు దాటి కారుతుంది. అందుకే స్టోరేజి మాడ్యులస్ లాస్ మాడ్యులస్‌ను (ద్రవంలా పారే గుణాన్ని చెప్పే అంకెను) దాటాకే ఆన్ అయ్యేలా షరతు పెట్టాలి. అక్కడే స్ట్రెయిన్ (శాంపిల్‌ను ఎంత మెలిపెడుతున్నామో ఆ కొలత) కూడా 5 శాతం నుంచి 0.1కి దించాలి, లేకపోతే లాగుడు ఆగినా తిప్పుడు వల్ల ఊడుతుంది.

పూర్తిగా గట్టిపడ్డ ఎపాక్సీ మాడ్యులస్‌ను మాత్రం ఈ కంట్రోలూ కాపాడలేదు. 25 మి.మీ. ప్లేట్ల మధ్య గట్టి రెజిన్ మిషను షాఫ్టు కన్నా బిగువుగా తయారవుతుంది, మెలి తిరిగేది షాఫ్టే. 8 మి.మీ. ప్లేట్లకు మారితే శాంపిల్ బిగువు దాదాపు 95 రెట్లు తగ్గుతుంది. కానీ అదే స్ట్రెయిన్‌కు టార్క్ కూడా 30 రెట్లు తగ్గి, రెజిన్ బాగా పల్చబడ్డప్పటి కనిష్ఠ స్నిగ్ధత నాయిస్‌లో కలిసిపోతుంది. రెండూ కావాలంటే రెండు టెస్టులు చేయాల్సిందే.

ఇదంతా ఫిల్లర్ (కలిపే పొడి) లేని ఎపాక్సీ, ప్రీప్రెగ్ (ముందే రెజిన్ పట్టించిన ఫైబర్ బట్ట) పనిని బట్టి చెప్పే మాట. ఫినాలిక్ మోల్డింగ్ పౌడర్ అచ్చులో ఎంత దూరం పారుతుందో తెలియాలంటే స్పైరల్ ఫ్లో అచ్చే (చుట్లు చుట్లుగా ఉన్న కాలువలో పౌడర్ ఎంత దూరం పారిందో చూసే అచ్చు) మేలు. జెల్ టైమ్ ఒక్కటే చాలనుకుంటే హాట్ ప్లేటూ పుల్లా సరిపోతాయి, ఇంత ఖర్చు అక్కర్లేదు.