రిఫైనరీ నేలలో కేబుల్: సీసపు తొడుగా, మూడు పొరల తొడుగా? ఏది మేలు?

రిఫైనరీలోనో పెట్రోకెమికల్ కర్మాగారంలోనో నేలలో కేబుల్ వేయవలసి వచ్చినప్పుడు ఇంజినీర్లు ఎక్కువగా తర్జనభర్జన పడేది పైతొడుగు దగ్గరే. బెంజీన్, టోలుయీన్, జైలీన్ వంటి ద్రవాలు ఏళ్ల తరబడి ఒలికి ఇంకిన మట్టిలో మామూలు పీవీసీ తొడుగు ఎక్కువ కాలం నిలవదు. ఆ ద్రవాలు దానిలోకి చొరబడి ఉబ్బిస్తాయి, మెత్తదనం కోసం కలిపిన ప్లాస్టిసైజర్లను బయటికి లాగేస్తాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది: లోపలికి దిగిన ద్రవమూ దాని ఆవిరీ కేబుల్‌లోని ఖాళీల వెంట పాకుతూ, సన్నని గొట్టంలో నడిచినట్టు, సబ్‌స్టేషన్ దాకా చేరగలవు. నిప్పురవ్వకు తావున్న గదిలోకి మండే ఆవిరిని మనమే దారి వేసి పంపినట్టవుతుంది.

దీనికి రెండు మందులున్నాయి. మొదటిది ఇన్సులేషన్ మీద అతుకు లేని సీసపు గొట్టాన్ని పోతపోసినట్టు బిగించడం. రెండోది సీసానికి బదులుగా వచ్చిన మూడు పొరల తొడుగు: లోపల ప్లాస్టిక్ పూత గల పలుచని అల్యూమినియం పట్టీ, దాని మీద హెచ్‌డీపీఈ అనే గట్టి పాలిథీన్, అన్నిటికన్నా పైన నైలాన్.

పోలికకు ముందు ఒక అపోహ తొలగించాలి. సీసపు కేబుల్ అనగానే చాలామందికి నూనెలో నానిన కాగితం చుట్టిన పాత కేబుల్ గుర్తుకొస్తుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 692 చెప్పేది ఆ కేబుళ్ల గురించే. కాగితానికి తేమ బద్ధశత్రువు కాబట్టి అక్కడ సీసం తప్పనిసరి అయింది. కాని ఇన్సులేషన్ ఎంపిక వేరు, తొడుగు ఎంపిక వేరు. ఈ రోజు రిఫైనరీలు సీసపు కేబుల్ అడిగితే సాధారణంగా లోపల ఇన్సులేషన్‌గా ఉండేది ఎక్స్‌ఎల్‌పీఈ అనే ప్లాస్టిక్కే. దాని వాహకం నిత్యం 90 డిగ్రీల సెల్సియస్ వేడినీ, షార్ట్ సర్క్యూట్ జరిగిన ఆ కొద్ది క్షణాల్లో 250 డిగ్రీలనూ తట్టుకుంటుంది. తొడుగు సీసమైనా మూడు పొరలదైనా ఆ గుణం మారదు.

సీసం బలం దాని అభేద్యతలో ఉంది. ఎంత మంచి ప్లాస్టిక్ అయినా బెంజీన్ వంటి హైడ్రోకార్బన్లను ఆలస్యం చేయగలదే తప్ప పూర్తిగా ఆపలేదు. పగుళ్లు లేని లోహపు గొట్టం మాత్రం ఆపేస్తుంది. సీసం 327 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, అంతకన్నా తక్కువ వేడిలోనే ప్రెస్ ఒత్తిడికి లొంగి గొట్టంలా సాగుతుంది కాబట్టి లోపలి పొరలు చెడకుండా వాటి మీదే దాన్ని ఎక్కించవచ్చు. అల్యూమినియం పట్టీ విషయం వేరు. దాన్ని కేబుల్ చుట్టూ మడిచి అంచు మీద అంచు అతికిస్తారు. ఆ అతుకులో ఉన్నది లోహం కాదు, జిగురు. దారి ఇరుకే గాని మూసుకుపోలేదు.

సీసం బలహీనతలు కూడా చిన్నవేమీ కావు. మొదటిది బరువు. లోపలి వ్యాసం 40 మిల్లీమీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు ఉన్న సీసపు తొడుగు మీటరుకు దాదాపు 3 కిలోలు తూగుతుంది. అంటే కిలోమీటరుకు 3 టన్నులు, రాగి బరువు కలపకుండానే. అదే వ్యాసానికి మూడు పొరల తొడుగు వేస్తే మీటరుకు అర కిలో చుట్టుపక్కల ఉంటుంది. డ్రమ్ములు మోయడానికీ, కందకంలో లాగడానికీ, వంపుల దగ్గర తిప్పడానికీ అయ్యే శ్రమలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

రెండోది అలసట. సీసం కదలని చోట కలకాలం ఉంటుంది, కంపించే చోట చీలుతుంది. అందుకే స్వచ్ఛమైన సీసం బదులు మిశ్రమాలు వాడతారు: 'ఇ' రకం మిశ్రమంలో సుమారు 0.4 శాతం తగరం, 0.2 శాతం ఆంటిమొనీ ఉంటాయి. కంపనాలు ఎక్కువగా ఉండే చోట్ల 0.85 శాతం ఆంటిమొనీ గల 'బి' రకం మిశ్రమం నయం. అయినా కంప్రెసర్ల పక్కన కేబుల్ ట్రేలో సీసపు కేబుల్ పరచడం నా దృష్టిలో డబ్బు పెట్టి తలనొప్పి కొనుక్కోవడమే. సముద్రంలోనూ ఇదే సూత్రం పని చేస్తుంది. 1954లో స్వీడన్ ప్రధాన భూభాగాన్ని గాట్‌లాండ్ దీవితో కలిపిన డీసీ కేబుల్ నాటి నుంచి సముద్రగర్భంలో కదలకుండా పడి ఉండే కేబుళ్లకు సీసమే నమ్మకమైన తొడుగు. అలల మీద తేలే గాలిమరల నుంచి వేలాడుతూ నిరంతరం ఊగే కేబుళ్లకు మాత్రం దాన్ని దూరం పెడుతున్నారు.

రసాయనాల పట్ల కూడా సీసం ప్రవర్తన సమానంగా ఉండదు. సల్ఫ్యూరిక్ ఆమ్లానికి చలించదు, ఎసిటిక్ ఆమ్లానికీ తడి సిమెంటులోని సున్నపు క్షారానికీ మాత్రం తినేసినట్టు అరిగిపోతుంది. అందుకే సీసం మీద మళ్లీ ప్లాస్టిక్ తొడుగు వేయక తప్పదు. నైలాన్ హైడ్రోకార్బన్లకు గట్టిగా నిలుస్తుంది గాని ఘాటైన ఆమ్లాలకూ ఫినాల్‌కూ లొంగిపోతుంది. పైగా ఆ పొర పలుచన, రాళ్ల మీద లాగితే గీరుకుపోతుంది.

ఇక విషం సంగతి. ఐరోపా సంఘం 2018లో సీసాన్ని తీవ్ర ఆందోళన కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది కాబట్టి అక్కడి కొనుగోలుదారులు మూడు పొరల తొడుగు వైపు మొగ్గడానికి మరో కారణం దొరికింది. వాడకంలో ఉన్న కేబుల్ కన్నా దాన్ని తయారుచేసేటప్పుడూ, అతుకు వేసేటప్పుడూ, తుక్కుగా కాల్చేటప్పుడూ వచ్చే పొగా దుమ్మే ఎక్కువ హాని చేస్తాయి.

నా నిర్ణయం ఇది. బెంజీన్ ట్యాంకుల గట్ల లోపల, పంపు గుంటల దగ్గర, మురుగు కాలువల వెంట, అంటే ద్రవం ఎప్పుడూ మట్టిలో నిలిచి ఉండే చోట, తవ్వి తీయడం కష్టమైన 11 లేదా 33 కిలోవోల్టుల ఫీడర్లకు (కరెంటు మోసుకెళ్లే ప్రధాన లైన్లకు) సీసమే వేయాలి. అప్పుడప్పుడు ఒలికే ప్రాంతాలకూ, నేల మీది ట్రేలకూ మూడు పొరల తొడుగు చాలు. అయితే ఒకే ఫీడరులో సగం ఇదీ సగం అదీ కలపకూడదు. ఖర్చు తగ్గించినట్టు కనిపిస్తుంది గాని, రెండు రకాల తొడుగులు కలిసే జాయింటు సరిగ్గా ద్రవం చొరబడడానికి అనువైన చోటు అవుతుంది. సీసం మీద తీరుగా అతుకు వేయగల పాతకాలపు జాయింటర్లు కూడా ఇప్పుడు వెతికితే తప్ప దొరకరు.