స్టన్ గన్ వాడినవాడిగా నా సమీక్ష

డ్యూటీలో కొన్నేళ్లుగా డార్టులు (వైర్లున్న చిన్న ముళ్లు) వదిలి కరెంటు షాక్ కొట్టే స్టన్ గన్ పెట్టుకుని తిరుగుతున్నాను. మాకిచ్చింది ఒకే కార్ట్రిజ్ (డార్టులు, వైర్లు ఉండే డబ్బా) పట్టే మోడల్. బరువు, పట్టు, బ్యాటరీ బాగానే ఉన్నాయి. డ్యూటీ ఎక్కేముందు స్పార్క్ టెస్ట్ (డార్టులు వదలకుండా స్పార్క్ వస్తోందా అని చూడటం) చేసుకుంటే చాలు. వాడే మనకు ఇది ఎంత రక్షణ అన్న విషయంలోనే నాకు పేచీ.

ట్రిగ్గర్ నొక్కితే రెండు డార్టులు వెళ్తాయి. రెండూ తగిలితేనే కరెంటు పారుతుంది. వాటి మధ్య కనీసం 30 సెంటీమీటర్ల ఎడం ఉంటేనే కండరాలు సరిగ్గా బిగుసుకుంటాయి. మరీ దగ్గర నుంచి కొడితే రెండూ పక్కపక్కనే దిగుతాయి. అప్పుడు నొప్పే తప్ప మనిషి ఆగడు. వదులుగా ఉన్న మందపాటి జాకెట్ అయితే డార్టు గుడ్డలోనే ఉండిపోవచ్చు. మాకు అలాగే అయింది. అతను పడిపోలేదు సరికదా, రెచ్చిపోయి మీదికొచ్చాడు. పక్కన సహచరుడు సిద్ధంగా ఉండబట్టి సరిపోయింది. ఎదుటివాడి చేతిలో కత్తి ఉంటే, వెనక ఒకరు తుపాకీతో కవర్ ఇవ్వకుండా నేను దీన్ని బయటికి తీయను.

టకటకమని గట్టిగా చప్పుడొస్తే బ్రహ్మాండంగా పనిచేస్తోందని కొత్తవాళ్లు సంబరపడతారు. నిజానికి సర్క్యూట్ కుదరనప్పుడే ఆ మోత. సరిగ్గా తగిలితే చప్పుడు తగ్గుతుంది.

ఒకసారి నొక్కితే 5 సెకన్లు. కరెంటు ఆగగానే మనిషి మళ్లీ లేవగలడు కాబట్టి బేడీలు ఆ కాస్త టైంలోనే వేయాలి. బేడీలు వేసేవాళ్ల చెయ్యి రెండు డార్టుల మధ్యకి వెళ్లకూడదు, వెళ్తే షాక్ వాళ్లకీ కొడుతుంది. వైర్లు చాలా సన్నం, బూటు తగిలినా తెగిపోతాయి. మెట్ల మీద, గోడల మీద ఉన్నవాడిపై వాడకూడదు. కండరాలు బిగుసుకున్న మనిషి చేతులు ఆనించుకోలేడు, తల నేలకి కొట్టుకుంటుంది.

హోల్‌స్టర్ పిస్టల్‌కి అవతలి వైపే ఉండాలి. అయినా టెన్షన్‌లో చెయ్యి తప్పు దారి పట్టొచ్చు. 2021లో అమెరికాలోని మిన్నెసోటాలో ఒక పోలీసు అధికారిణి "టేజర్" (ఇలాంటి స్టన్ గన్ బ్రాండ్ పేరు) అని అరుస్తూ పొరపాటున పిస్టల్ పేల్చారు, 20 ఏళ్ల యువకుడు చనిపోయాడు. గురి చూసి కాల్చడం కంటే ఒర నుంచి తీయడం మీద ఎక్కువ ప్రాక్టీస్ పెట్టాలని నేను పదేపదే అడిగేది అందుకే.

కొత్తగా కొనేవాళ్లు రెండు షాట్ల మోడలే తీసుకోండి. మొదటిది తప్పితే, కార్ట్రిజ్ మార్చుకునేదాకా ఎదుటివాడు ఆగడు.