కార్డు దూర్చే రీడరా, ట్యాప్ చేసే రీడరా: ఆఫీసు బల్లకు ఏది మేలు?

ఆఫీసు కంప్యూటరుకు స్మార్ట్ కార్డ్ రీడరు కొనవలసి వచ్చినప్పుడు చాలామంది ట్యాప్ చేసే రకమే కొత్తదనీ, కాబట్టి అదే మెరుగనీ అనుకుంటారు. నిజానికి ఇది రీడరును చూసి తేల్చుకునే విషయం కాదు. చేతిలోని కార్డులో ఏ చిప్పు ఉందో, దానితో పని గుర్తింపు చూపడం వరకేనా లేక పిన్ కొట్టి లాగిన్ కావడం, డిజిటల్ సంతకం పెట్టడం దాకా వెళుతుందా అన్నదాన్ని బట్టే నిర్ణయం ఉండాలి. సీటులో కూర్చుని చేసే పనికి కార్డు దూర్చే రీడరూ, తలుపు దగ్గరా హాజరు దగ్గరా ట్యాప్ రీడరూ మేలని నా అభిప్రాయం. టెండర్లకూ జీఎస్టీ రిటర్నులకూ వాడే డిజిటల్ సంతకపు యూఎస్‌బీ టోకెనులో చిప్పూ రీడరూ కలిసే ఉంటాయి కనుక, అది మాత్రమే ఉన్నవారికి ఈ రెండింటితోనూ పని లేదు.

దూర్చే రీడరులో స్ప్రింగు కాంటాక్టులు కార్డు మీది బంగారు రంగు పలకకు నేరుగా ఆనుకుంటాయి. కరెంటు, చిప్పు పని వేగాన్ని నడిపే క్లాకు సంకేతం, డేటా అన్నీ వాటి గుండానే నడుస్తాయి. ఐఎస్ఓ 7816 ప్రమాణం చెప్పే పద్ధతి ఇదే. కార్డు లోపల ఉన్నంతసేపూ సంబంధం నిలకడగా ఉంటుంది, తప్పు ఎక్కడుందో కనిపెట్టడమూ తేలిక. ఒక్క కార్డే పనిచేయకపోతే లోపం కార్డుది, ఏ కార్డూ పనిచేయకపోతే రీడరుదో కంప్యూటరుదో. చెమట, దుమ్ము పేరుకున్న పలకను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. రబ్బరుతో గీకితే పైపూత అరిగిపోతుంది, ఆ అలవాటు మానుకోవాలి. ఏళ్ల తరబడి వాడకంతో కాంటాక్టులు సడలి కార్డును వేలితో నొక్కి పట్టుకుంటేనే పనిచేసే దశకు వస్తే, ఆ రీడరును మార్చవలసిందే.

ట్యాప్ రీడరు ఇంత సూటిగా చెడదు. అది 13.56 మెగాహెర్ట్జ్ క్షేత్రాన్ని వెలువరిస్తుంది; కార్డు తనకు కావలసిన కరెంటును కూడా ఆ క్షేత్రం నుంచే తీసుకుంటుంది, అదీ కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే. ఇనుప బల్ల మీదో, లోహపు ల్యాప్‌టాప్ మూత మీదో రీడరు పెడితే క్షేత్రం బలహీనపడుతుంది. అప్పుడు కార్డు నంబరు చదవగలుగుతుంది కానీ, సంతకానికి చిప్పు లెక్కకట్టడం మొదలుపెట్టి ఎక్కువ కరెంటు లాగగానే సంబంధం తెగిపోవచ్చు; సాఫ్ట్‌వేరు లోపమనుకుని డ్రైవరును పదే పదే ఇన్‌స్టాల్ చేసేవారు ముందుగా రీడరు కింద ఒక మందపాటి పుస్తకం పెట్టి చూడాలి. పర్సులో రెండు కార్డులు పక్కపక్కనే ఉంటే ఏది దొరుకుతుందో చెప్పలేం.

ట్యాప్ రీడరుకు అసలే స్పందించని కార్డులూ ఉన్నాయి. హాజరు యంత్రాల కోసం ఇచ్చే తెల్లటి కార్డుల్లో చాలా వరకు 125 కిలోహెర్ట్జ్ రకానివి, వాటిని 13.56 మెగాహెర్ట్జ్ రీడరు మీద ఎంతసేపు ఉంచినా లైటు వెలగదు. చూపులకు రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి, రీడరు ఆర్డరు చేసేముందు కార్డు ఏ రకమో సరఫరాదారును అడగడం మంచిది. ఇక ఫోనూ, ఈ-పాస్‌పోర్టూ ప్రతిసారీ కొత్త యూఐడీ (చిప్పు తనదని చెప్పే గుర్తింపు నంబరు) చూపవచ్చు కనుక, ఆ నంబరు మీదే ఆధారపడే హాజరు సాఫ్ట్‌వేరుకు అదే మనిషి రోజూ కొత్తవాడిగా కనిపిస్తాడు. భద్రత మాటకొస్తే, మైఫేర్ క్లాసిక్ అనే పాత రకం ట్యాప్ కార్డులు సమాచారాన్ని రహస్యంగా ఉంచడానికి వాడే క్రిప్టో-1 పద్ధతిని పరిశోధకులు 2008లోనే ఛేదించారు. తలుపులకు ఆ కార్డులే ఇంకా వాడుతున్న ఆఫీసు, రీడరు మార్చడానికి ముందు కార్డులు మార్చడం మేలు.

కార్డే ట్యాప్‌లో కొన్ని పనులను అనుమతించకపోవడమూ ఉంది. అమెరికా ఫెడరల్ ఉద్యోగుల గుర్తింపు కార్డైన పివ్ కార్డులో, ప్రత్యేక ఏర్పాటు లేకపోతే, పిన్ అడిగే సంతకపు పని కాంటాక్టు ద్వారానే సాగుతుంది. అలాంటి కార్డుకు ఎంత ఖరీదైన ట్యాప్ రీడరు కొన్నా ఫలితం ఉండదు.

తప్పు వెతకడం మాత్రం రెండింటికీ ఒకే క్రమంలో జరగాలి. మొదట కంప్యూటరుకు రీడరు కనిపిస్తోందో లేదో చూడాలి. విండోస్‌లో స్మార్ట్ కార్డ్ సర్వీసు, లినక్స్‌లో అదే పని చేసే పీసీఎస్‌సీడీ నడుస్తూ ఉండాలి. తరువాత కార్డు పెట్టగానే అది పంపే తొలి జవాబు, అంటే ఏటీఆర్, వస్తోందో లేదో చూడాలి. లినక్స్‌లో పీసీఎస్‌సీ-స్కాన్ అనే ప్రోగ్రాము దాన్ని తెర మీద చూపుతుంది, మామూలుగా ఆ వరుస 3బితో మొదలవుతుంది. అది వచ్చిందంటే రీడరుకు దోషం లేదు; ట్యాప్ రీడరైతే పైన చెప్పిన లోహపు బల్ల సంగతి చూసుకుని, ఆ తరువాత లోపం కార్డుకు సంబంధించిన సాఫ్ట్‌వేరులో వెతకాలి. ఏసీఆర్122యూ వంటి ట్యాప్ రీడరు లినక్స్‌లో కనిపించకపోతే, కెర్నెల్‌లోని (లినక్స్ మూల భాగంలోని) పీఎన్533 డ్రైవరు దాన్ని ముందే పట్టుకుని ఉండవచ్చు, అలాగైతే ఆ డ్రైవరు మాడ్యూలును ఆపితే సరిపోతుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో సర్వరుకు వెళ్లినప్పుడు సెషనుకు కనిపించేది మన ముందున్న కంప్యూటరు రీడరే. సర్వరుకు తగిలించిన రీడరు కోసం అక్కడ వెతికి లాభం లేదు.

రెండూ కలిసిన రీడర్లూ దొరుకుతాయి. అవి కంప్యూటరుకు రెండు వేర్వేరు పేర్లతో కనిపిస్తాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు జాబితాలో మొదటి పేరునే పట్టుకుని, రెండోదానిలో ఉన్న కార్డును లేదని చెబుతాయి. మీరు వాడే సాఫ్ట్‌వేరులో రీడరును ఎంచుకునే వీలుంటే కలగలుపు రకం కొనవచ్చు, లేకపోతే సంతకం చేసే సీటుకు దూర్చే రీడరు ఒక్కటే ఇచ్చి, ట్యాప్ రీడరును వేరే కంప్యూటరుకు పెట్టండి.