విశాఖలో ఎంబీఏ: ఊరు మారిన వేగంతో క్లాసు మారిందా?

ఎంబీఏ కాలేజీ రివ్యూ అంటే భవనం, హాస్టల్ మెస్, వైఫై గురించి రాయడం అలవాటైపోయింది. ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. గత పదిహేనేళ్లలో విశాఖ బతుకుతెరువు ఎటు తిరిగింది, ఇక్కడి బిజినెస్ స్కూళ్లు దాని వెంట ఎంతవరకు నడిచాయి అన్నదే ఈ రివ్యూ. చూసినవి ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ) కామర్స్ అండ్ మేనేజ్‌మెంట్ విభాగం, గంభీరంలోని ఐఐఎం, రుషికొండలోని గీతం, వీటితో పాటు రాష్ట్ర ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ ర్యాంకులతో నిండే మామూలు కాలేజీలు. మా అంచనా ముందే చెప్పేస్తాం. ఐటీ వైపు అందరూ తొందరగానే తిరిగారు. సముద్రం వైపు, అంటే పోర్టు, ఎగుమతుల వైపు తిరగాల్సినంత తిరగలేదు.

ఏయూలో ఎంబీఏ 1957లో మొదలైంది. దేశంలో ఈ చదువును మొదట పెట్టిన యూనివర్సిటీల్లో ఇదొకటి. అదే ఏడాది ఇక్కడ కాల్టెక్స్ రిఫైనరీ కూడా పని మొదలుపెట్టింది, అదే ఇప్పటి హెచ్‌పీసీఎల్. పోర్టు అప్పటికే 1933 నుంచి ఉంది, షిప్‌యార్డు ఉంది, ఆ తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ వచ్చింది. కాబట్టి చాలాకాలం ఇక్కడ ఎంబీఏ అంటే ప్రభుత్వరంగ సంస్థలో పర్సనెల్ ఆఫీసరో, ఫైనాన్స్ ట్రైనీయో, మెటీరియల్స్ మేనేజరో కావడమే. లేబర్ చట్టాలు, పారిశ్రామిక సంబంధాల పేపర్లకు సిలబస్‌లో పెద్దపీట ఉండేది అందుకే.

ఆ లెక్క ఇప్పుడు చెల్లదు. 2021 జనవరిలో స్టీల్‌ప్లాంటులో వాటాలు వంద శాతం అమ్మడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో మళ్లీ 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ఇచ్చింది. ఇలా ఊగిసలాడే సంస్థలో కొత్త నియామకాల మీద ఆశ పెట్టుకుని ఎవరూ రెండేళ్లు చదవరు. ఈలోగా పరవాడలో ఫార్మా, అచ్యుతాపురంలో బట్టల ఎగుమతి నిలదొక్కుకున్నాయి. 2023లో రుషికొండలో ఇన్ఫోసిస్ ఆఫీసు తెరిచారు. టీసీఎస్‌కు, కాగ్నిజెంట్‌కు 99 పైసలకే భూములిచ్చారు. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడి డేటా సెంటర్ మీద ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. అడ్మిషన్ల బ్రోచర్లకు ఇంతకంటే పండగ ఏముంటుంది? అయితే ఒక మాట. డేటా సెంటర్ పెట్టుబడి చూడ్డానికి కొండంత ఉన్నా, కట్టడం అయిపోయాక లోపల పనిచేసేవాళ్లు కొద్దిమందే. ఎంబీఏ చదివినవాళ్లకు అక్కడ పని దొరికితే కరెంటు కొనుగోలు ఒప్పందాలు, వెండర్ కాంట్రాక్టులు, భూమి-పర్యావరణ అనుమతుల దగ్గర దొరుకుతుంది. ఆ పాఠాలు పెట్టకుండా పోస్టర్ మీద సర్వర్ల బొమ్మ వేస్తే ఒరిగేదేమీ లేదు.

సిలబస్ మారడం ఎందుకు ఆలస్యమవుతుందో తెలియకపోతే కాలేజీని తప్పుగా అంచనా వేస్తాం. అఫిలియేటెడ్, అంటే యూనివర్సిటీకి అనుబంధంగా నడిచే కాలేజీకి సొంత సిలబస్ ఉండదు. పేపర్లు యూనివర్సిటీవి, పరీక్ష యూనివర్సిటీది. కొత్త పేపరు పెట్టాలంటే సిలబస్ కమిటీ అయిన బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఒప్పుకోవాలి, అకడమిక్ సెనేట్ దాకా వెళ్లాలి, తర్వాతి బ్యాచ్ నుంచే అమలు. ఈలోగా కాలేజీ చేయగలిగింది మార్కుల్లో కలవని సర్టిఫికెట్ కోర్సు పెట్టుకోవడమే. అటానమస్ హోదా ఉన్న కాలేజీ తన బోర్డుతోనే మార్చుకోవచ్చు. ఐఐఎం తరహా ట్రైమెస్టర్ పద్ధతిలో రెండో ఏడాది ఎలెక్టివ్‌లను ఏటా తీసేసి కొత్తవి పెట్టొచ్చు. బయటి నుంచి ఒక మనిషిని పిలిచి కొద్ది వారాల్లో కోర్సు పూర్తి చేయించవచ్చు. కాబట్టి ‘మీ సిలబస్ పాతది’ అని అఫిలియేటెడ్ కాలేజీ ప్రిన్సిపాల్‌ను నిలదీస్తే లాభం లేదు. అటానమస్ అని చెప్పుకుంటూ యూనివర్సిటీ సిలబస్‌కే పేర్లు మార్చి నడుపుతున్న కాలేజీని మాత్రం తప్పకుండా నిలదీయాలి.

పేరు మారిందా, పాఠం మారిందా అని తేల్చే పరీక్ష సులువైనదే. కోర్సు స్ట్రక్చర్ కాగితం అడిగి తీసుకోండి. ప్రతి పేపరు ఎదురుగా ఎల్-టి-పి అని మూడు అంకెలుంటాయి. మొదటిది లెక్చర్ గంటలు, రెండోది ట్యుటోరియల్, మూడోది ప్రాక్టికల్. బిజినెస్ అనలిటిక్స్ ఎదురుగా 3-0-0 అని ఉంటే ఆ పేపరు బోర్డు మీద చెప్పి, పరీక్షలో నిర్వచనాలు రాయించేది. 2-0-2 ఉంటే వారానికి రెండు గంటలైనా కంప్యూటర్ ముందు కూర్చోబెడతారన్నమాట. ల్యాబ్ ఉన్నచోట కూడా తరచూ జరిగే పొరపాటు ఇంకొకటుంది. నెట్‌లో దొరికే శుభ్రమైన డేటా షీటు ఇచ్చి గ్రాఫులు గీయిస్తారు. ఆఫీసులో చేతికొచ్చే డేటా అలా ఉండదు. ఒకే కస్టమర్ పేరు నాలుగు స్పెల్లింగుల్లో ఉంటుంది, తేదీలు కొన్ని నెల ముందు, కొన్ని రోజు ముందు ఉంటాయి. దాన్ని సరిచేయడమే సగం ఉద్యోగం. గాజువాక ఆటోనగర్‌లో ఓ మోస్తరు కంపెనీకి కావాల్సింది కృత్రిమ మేధ మీద ఉపన్యాసం కాదు. కొనుగోలు రిజిస్టర్‌ను జీఎస్‌టీ పోర్టల్ ఇచ్చే క్రెడిట్ పట్టిక జీఎస్‌టీఆర్-2బితో సరిపోల్చి, ఏ సప్లయర్ ఇన్‌వాయిస్ ఎక్కించలేదో, ఎంత క్రెడిట్ ఆగిపోయిందో సాయంత్రానికి చెప్పగలిగే మనిషి కావాలి.

ఇక ఒక్కొక్కటి. ఏయూ బలం తక్కువ ఫీజు, అరవై ఏళ్లకు పైగా పోగుపడిన పూర్వ విద్యార్థుల బలగం. పోర్టు, బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు, ఎక్కడికెళ్లినా ఓ సీనియర్ కనిపిస్తారు. క్యాంపస్‌లో స్టార్టప్ ఇంక్యుబేటర్ పెట్టడం మంచి అడుగు. సెమిస్టర్ పద్ధతి, కమిటీల నడక మాత్రం యూనివర్సిటీ నడకే. కన్వీనర్ సీటుకూ సెల్ఫ్ సపోర్ట్ సీటుకూ ఫీజులో తేడా ఉంటుంది కాబట్టి, కౌన్సెలింగ్‌లో ఆప్షన్ పెట్టేముందు కోడ్ సరిగా చూసుకోవాలి. కన్వీనర్ సీటు దొరికినవాళ్లకు పెట్టిన డబ్బుకు దక్కే విలువలో ఏయూను కొట్టేది ఈ ఊళ్లో లేదు.

ఐఐఎం 2015లో మొదలైంది. ఐఐఎం బెంగళూరు చేయి పట్టి నడిపించింది, తొలి ఏళ్లు ఏయూ క్యాంపస్‌లోనే గడిచాయి. గంభీరంలో సొంత క్యాంపస్‌ను 2024 ఫిబ్రవరిలో ప్రధాని ప్రారంభించారు. మారుతున్న కాలానికి తగ్గట్టు కదలడంలో ఇదే ముందుంది. ఉద్యోగం చేసేవాళ్లకు ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రాం, డిజిటల్ గవర్నెన్స్ మీద ప్రత్యేక ప్రోగ్రాం, సొంత ఇంక్యుబేటర్ ఉన్నాయి. ఇబ్బంది అల్లా ఇది విశాఖలో ఉంది గానీ విశాఖ కోసం లేదు. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ రాసి దేశమంతటి నుంచీ వస్తారు, కొలువులకు బెంగళూరు, ముంబై, హైదరాబాద్ వెళ్లిపోతారు. జాతీయ సంస్థ కాబట్టి అది తప్పు కాదు. ఊళ్లోనే స్థిరపడాలనుకునేవాళ్లు ఆ ఫీజుకు సరిపడా జీతం ఇక్కడ దొరుకుతుందా అని రెండుసార్లు లెక్క చూసుకోవాలి, అంతే.

గీతం 1980లో ఇంజనీరింగ్ కాలేజీగా పుట్టి 2007లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. సిలబస్ తన చేతిలోనే ఉంటుంది కాబట్టి కొత్త పేపరు తేవడానికి ఇంకో యూనివర్సిటీ ఒప్పుకోలు కోసం ఎదురుచూడక్కర్లేదు. ఇంజనీరింగ్, ఫార్మసీ, లా ఒకే ఆవరణలో ఉండటం అసలైన లాభం. ఫార్మా కంపెనీలో పనిచేయాలనుకునేవాళ్లు పక్క డిపార్ట్‌మెంట్ పాఠం వినే వీలుందా, దానికి క్రెడిట్లు కలుస్తాయా అని అడ్మిషన్ రోజే అడగాలి. ఏ ప్రైవేటు యూనివర్సిటీనైనా అడగాల్సిన ప్రశ్నే ఇది.

మామూలు కాలేజీల సంగతి పరీక్ష దగ్గరే మొదలవుతుంది. ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, నెగటివ్ మార్కులు లేవు. రిజర్వేషన్ లేని విద్యార్థి అర్హతకు 25 శాతం చాలు. క్యాట్‌లో నలభై నిమిషాల చొప్పున మూడు సెక్షన్లు, ఆప్షన్లున్న ప్రశ్నకు తప్పు రాస్తే ఒక మార్కు కోత. దీని ఫలితం క్లాసులో కనిపిస్తుంది. ఐసెట్ క్లాసులో బీకాం, బీఎస్సీ, బీటెక్ అందరూ కలిసి ఉంటారు. డెబిట్, క్రెడిట్ నుంచి మొదలుపెట్టి అందర్నీ ఒక దారిలోకి తెచ్చేసరికి మొదటి సెమిస్టర్ అయిపోతుంది. దాన్ని ఒప్పుకుని క్లాసులు మొదలయ్యే ముందే రెండు మూడు వారాల బ్రిడ్జ్ కోర్సు పెట్టే కాలేజీ ఉంటే దానికి ఓ మెట్టు పైన మార్కు వేయొచ్చు.

ఇప్పుడు అసలు లోటు దగ్గరకొద్దాం. ఊళ్లో రెండు పెద్ద పోర్టులున్నాయి, ఒకటి విశాఖ, రెండోది గంగవరం. కంటైనర్ టెర్మినల్ ఉంది. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ముందున్న రాష్ట్రం మనది, ఆ సరుకుకు పెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు చెరువు దగ్గర ధర నుంచి కోల్డ్ స్టోరేజీ అద్దె దాకా అన్నీ కదిలిపోయాయి. బిజినెస్ స్కూలుకు ఇంతకంటే సజీవమైన పాఠం ఎక్కడ దొరుకుతుంది? సుంకం ఎవరు మోస్తారు, కొనేవాడా, ఎగుమతిదారా, రైతా? ఆర్డరు ఆగితే మైనస్ 18 డిగ్రీల్లో ఉంచిన సరుకుకు రోజుకు ఎంత ఖర్చు? యూరప్‌కు మళ్లించాలంటే ఏ పరీక్షలు, ఏ కాగితాలు? ఈ మూడు ప్రశ్నల మీద ఒక ట్రైమెస్టర్ నడపొచ్చు. చాలా క్లాసుల్లో మాత్రం ఇప్పటికీ ఎక్కడో విదేశీ సూపర్‌మార్కెట్ కేసే చెబుతున్నారు.

లాజిస్టిక్స్ పేపరు ఉన్నచోట కూడా నిర్వచనాల దగ్గరే ఆగిపోతోంది. కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో మొదటి వారమే కావాల్సినవి వేరు. షిప్పింగ్ బిల్లు ఎగుమతికి, బిల్ ఆఫ్ ఎంట్రీ దిగుమతికి. కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో ఎక్కించేటప్పుడు సరుకు రకాన్ని చెప్పే హెచ్ఎస్ కోడ్ తప్పు పడితే సుంకమూ మారుతుంది, ఎగుమతిదారుకు పన్నులు తిరిగిచ్చే ఆర్‌వోడీటీఈపీ పథకం కింద వెనక్కి రావాల్సిన డబ్బూ మారుతుంది. దిగుమతి కంటైనర్ ఉచిత గడువు దాటి టెర్మినల్‌లోనే ఉండిపోతే పడే రుసుము డెమరేజ్. బయటికి తెచ్చి, ఖాళీ పెట్టెను షిప్పింగ్ లైనుకు ఆలస్యంగా తిరిగిస్తే పడేది డిటెన్షన్. కొనేవాడి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ లెటర్ ఆఫ్ క్రెడిట్. అందులో ఉన్న సరుకు వివరణకూ ఇన్‌వాయిస్‌కూ తేడా వస్తే బ్యాంకు డబ్బు ఆపేయొచ్చు. వీటిని నిజమైన కాగితాలతో చేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. పేర్లు కొట్టేసిన పాత ఫైళ్లు ఇరవై, ఓ రిటైర్డ్ కస్టమ్స్ అప్రైజర్, శనివారం మధ్యాహ్నాలు చాలు.

ప్లేస్‌మెంట్ అంకెల విషయంలో బ్రోచర్‌ను పక్కన పెట్టండి. కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులకు వివరాలు పంపే ప్రతి సంస్థా వాటిని తన వెబ్‌సైట్లో పెట్టాలి. అందులో ఎంతమంది చేరారు, ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం (అందరి జీతాలనూ వరుసలో పెడితే నడిమధ్యన వచ్చేది) ఎంత అన్నవి ఏడాదివారీగా ఉంటాయి. సగటు ఎందుకు నమ్మకూడదంటే, పదిమందిలో ఒకరికి 24 లక్షలు, తొమ్మిదిమందికి నాలుగేసి లక్షలు వస్తే సగటు ఆరు లక్షలవుతుంది, మీడియన్ నాలుగే. వరుసగా మూడేళ్ల మీడియన్ చూస్తే, మార్కెట్ పడిపోయిన ఏడాది ఆ స్కూలు ఎంత తట్టుకుందో తెలిసిపోతుంది. ఉద్యోగాల రకం కూడా అడగాలి. సగానికి పైగా టార్గెట్లున్న సేల్స్ ఉద్యోగాలే అయితే ఆ మాట ముందే తెలియడం మంచిది.

అప్పు లెక్క ఇక్కడే వేసి చూపిస్తాం. పది లక్షల లోను, పది శాతం వడ్డీ, ఆరు నెలలకోసారి రెండున్నర లక్షల చొప్పున నాలుగు విడతల్లో ఫీజు కట్టారనుకుందాం. చదువు రెండేళ్లు, ఆపై ఒక ఏడాది మారటోరియం, అంటే వాయిదాలు కట్టనక్కర్లేని గడువు. ఈలోగా వడ్డీ కట్టకపోతే సాధారణ వడ్డీ లెక్కలోనే 2.25 లక్షలు పేరుకుంటుంది. 12.25 లక్షల మీద పదేళ్ల ఈఎంఐ సుమారు 16,200 రూపాయలు. ఇప్పుడు ఆరు లక్షల సీటీసీ, అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు తీసుకోండి. అందులో 90 వేలు వేరియబుల్, సగం బేసిక్ అయితే కంపెనీ పీఎఫ్ 36 వేలు, గ్రాట్యుటీ సుమారు 14,400 పోతాయి. మీ వాటా పీఎఫ్ ఇంకో 36 వేలు, నెలకు 200 వృత్తి పన్ను తీసేస్తే చేతికి వచ్చేది సుమారు 35 వేలు. అందులో దాదాపు సగం ఈఎంఐకే. మీడియన్ ఆరు లక్షలు దాటని చోట పది లక్షల అప్పు చేయొద్దని చెప్పడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు. కేంద్ర పథకం పీఎం విద్యాలక్ష్మి కింద హామీ లేకుండా లోను దొరుకుతుంది. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపుంటే పది లక్షల వరకు లోనుపై మారటోరియం కాలంలో మూడు శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. కాలేజీ ఆ పథకం జాబితాలో ఉంటేనే ఇది వర్తిస్తుంది కాబట్టి, ఫీజు కట్టేముందు పోర్టల్‌లో పేరు చూసుకోవాలి. లోను వడ్డీకి ఆదాయపు పన్నులో దొరికే 80ఈ మినహాయింపు పాత పన్ను విధానంలోనే వస్తుంది.

చేరేరోజు కాలేజీవాళ్లు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామంటే ఒప్పుకోవద్దు. సరిచూసుకుని తిరిగి ఇచ్చేయాలని యూజీసీ, ఏఐసీటీఈ నిబంధనలు చెబుతున్నాయి. పరవాడలోనో, పోర్టులోనో షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు రెగ్యులర్ కోర్సు ఆలోచన మానుకుని, సాయంత్రం నడిచే ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రాంలనో, ఏయూ దూరవిద్యనో చూసుకోవచ్చు. నైట్ షిఫ్ట్ వారంలో పరీక్ష పడితే ఏం చేస్తారో మాత్రం దరఖాస్తుకు ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.