హాస్టల్ గదికి 7 లీవర్ల తాళం: కప్ప గట్టిదే, గొళ్ళెం చూసుకోండి

65 మిల్లీమీటర్ల, 7 లీవర్ల గుండ్రటి తాళం కప్ప హాస్టల్ గదికి చక్కగా సరిపోతుంది. లోపలి ఏడు రేకులూ సరైన ఎత్తుకు లేస్తేనే కొక్కెం వదులుతుంది కాబట్టి పిన్నుతో కెలికితే అంత తేలిగ్గా రాదు. చెవి తిప్పితేనే పడే రకం కొనండి. నొక్కగానే పడిపోయే రకమైతే చెవి గదిలోనే మర్చిపోతారు, చివరికి తాళం పగలగొట్టాల్సి వస్తుంది.

అసలు బలహీనత గొళ్ళెంలో ఉంటుంది. అర అంగుళం మరలతో బిగించిన గొళ్ళెం కింద స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే చెక్కపొట్టుతో సహా ఊడొస్తుంది. ఎంత ఖరీదైన కప్ప పెట్టినా అక్కడ దండగే. తాళం వేశాక మరల తలలు బయటికి కనబడుతుంటే మరీ ప్రమాదం. వార్డెన్‌ను అడిగి, మరలు రేకు కింద దాగిపోయే గొళ్ళెం పెట్టించుకోండి. ద్వారబంధం వైపు 2 అంగుళాల మరలు, తలుపు వైపు దాని మందం పట్టినంత పొడుగువి వాడాలి.

బీరువాకు మూడంకెల నంబర్ తాళం మాత్రం వద్దు. మొత్తం 1000 నంబర్లే. సెకనుకొకటి తిప్పినా 17 నిమిషాల్లో అయిపోతాయి. చౌకరకాల్లో కొక్కెం లాగిపట్టి తిప్పితే చక్రం బిగుసుకునే చోటు వేలికే తెలిసిపోతుంది.

తాళం మొరాయిస్తే కొబ్బరినూనె పోయకండి, దుమ్ము పట్టేస్తుంది. పెన్సిల్ ములుకు పొడి చాలు. రెండో చెవి ఇంట్లో ఉంచండి, గుమ్మం పైన కాదు.