ఇగువానా పిల్లని కొనబోతున్నారా? డబ్బు పంపే ముందు మా ఇంట్లో జరిగింది చదవండి

మాది పాలకొల్లు. పోయిన డిసెంబర్లో మా అమ్మాయి ఏడాదిగా అడుగుతోందని, ఆన్‌లైన్లో పెంపుడు జంతువులు అమ్మే ఒకతని దగ్గర పచ్చ ఇగువానా (పెద్ద బల్లి లాంటి విదేశీ జంతువు) పిల్లని కొన్నాను. 9,500 రూపాయలు, ముందే మొత్తం ఫోన్లో పంపేశాను. పోయిన డబ్బు కోసం ఇది రాయడం లేదు, ఆ మూగప్రాణి మా కళ్ళ ముందు రెండు నెలలు పడిన అవస్థ ఇంకో ఇంట్లో జరగకూడదని రాస్తున్నాను. అమ్మినవాడి పేరు పెట్టను, ఇలాంటివాళ్ళు ఒక్కడే కాదు, పేర్లూ నంబర్లూ మారుస్తూనే ఉంటారు. కానీ అందరూ చెప్పే మాటలు ఒకటే, వాటిని గుర్తుపట్టండి చాలు.

పిల్ల రాత్రి బస్సులో పార్సిల్‌గా వచ్చింది. తెల్లవారుజామున 5 గంటలకి, మంచు కురుస్తుంటే, డ్రైవరు ఒక థర్మోకోల్ పెట్టె నా చేతికిచ్చాడు. ఇంటికొచ్చి మూత తీస్తే చింపిన న్యూస్‌పేపర్ల మధ్య ముదురు గోధుమరంగులో ముడుచుకుని ఉంది. వాడు పంపిన ఫొటోలో చిలకపచ్చగా ఉంది. అదేంటని ఫోన్ చేస్తే, "జర్నీ స్ట్రెస్ అన్నా, రెండు రోజుల్లో కలర్ వచ్చేస్తుంది, వారం దాకా సరిగ్గా తినదు, టెన్షన్ పడకండి" అన్నాడు. ఇందులో కొంత నిజం ఉంది, అదే మమ్మల్ని ముంచింది. చలికి ఇగువానా రంగు ముదురుతుంది, కొత్త చోట మూడు నాలుగు రోజులు తిండి సరిగ్గా తినకపోవడం కూడా మామూలే. కాబట్టి నమ్మేశాం.

ఏం పెట్టాలని అడిగితే ఉడికించిన గుడ్డు, ఎండు రొయ్యలు పెట్టమన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, "మీది రొయ్యల చెరువుల ఏరియానే కదన్నా, రొయ్యల మేత రెండు గింజలు నానబెట్టి వేయండి, ప్రొటీన్, బాగా పెరుగుతుంది" అని. మా బావమరిది చెరువు దగ్గర్నుంచి గుప్పెడు మేత తెచ్చి వేశాం కూడా. ఇగువానా పూర్తిగా ఆకులు, పూలు, కాయలు తినే జంతువని నాకు అప్పుడు తెలియదు. జంతువుల ప్రొటీన్ పెడుతూ పోతే దాని కిడ్నీలు దెబ్బతింటాయి. అమ్మేవాడికి ఇది తెలియకపోతే వాడు అమ్మకూడదు, తెలిసి చెప్పాడంటే ఇంకా దారుణం.

లైటు సంగతీ అంతే. "మీ గోదావరి జిల్లాల్లో ఎండలు మామూలుగా ఉండవు, యూవీబీ లైటు ఎందుకన్నా, ఖర్చు దండగ" అని ఒక ఎర్ర బల్బు అంటగట్టాడు. మేం అద్దాల ట్యాంకుని కిటికీ పక్కన పెట్టి ఎండ తగులుతోంది కదా అనుకున్నాం. అద్దం వేడిని రానిస్తుంది కానీ యూవీబీని, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలని, ఆపేస్తుంది. ఆ కిరణాలు ఒంటి మీద పడితేనే దానికి విటమిన్ డీ3 తయారవుతుంది, డీ3 ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. లేకపోతే రక్తంలో కాల్షియం తగ్గి, శరీరం ఎముకల్లోంచే లాక్కుంటుంది.

పదో రోజుకి కూడా తిండి ముట్టలేదు. పన్నెండో రోజున వంటింటి త్రాసు మీద పెడితే 54 గ్రాములు, వచ్చిన రోజు 62. మళ్ళీ ఫోన్ చేస్తే, "నోరు తెరిచి సిరంజితో గుడ్డు పట్టించండి" అన్నాడు. నేను పట్టించాను. మా అమ్మాయి రెండు చేతులతో పట్టుకుంది, నేను దవడ తెరిచాను. ఆ దవడ చాలా సులువుగా వంగింది, అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే నిద్ర పట్టదు.

మర్నాడు సాయంత్రం మా అమ్మాయి, "నాన్నా, దీని వేళ్ళు చూడు" అని పిలిచింది. కర్ర మీద పడుకుని ఉంది, వెనక కాలి పొడుగాటి వేళ్ళు రెండు ఆగి ఆగి అదురుతున్నాయి, వీణ తీగ మీటి వదిలేశాక కదులుతుందే, అలాగ. పట్టు లేదు. కిందకి దింపితే పొట్ట నేలకి ఆనించి ఈడ్చుకుంటూ వెళ్ళింది. మా అత్తయ్య గారు బల్లిని కొనడమేంటని మొదటి రోజు నుంచీ మాట్లాడని మనిషి, ఆవిడే "అబ్బాయ్, ఇది తిండి మానడం కాదు, రోగం, తీసుకెళ్ళు" అన్నారు.

ఇక్కడి పశువుల డాక్టరుగారు నిజాయితీగా చెప్పారు, "నేను చూసేది గేదెలు, కుక్కలండి, దీనికి తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళండి" అని. ఆయనకి దండం పెట్టాలి, తెలియకుండా సూది వెయ్యలేదు. విజయవాడలో ఇలాంటి ప్రాణులు చూసే డాక్టర్ని వెతుక్కుని, పెట్టెలో గోరువెచ్చని నీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పెట్టుకుని తీసుకెళ్ళాం. డాక్టరుగారు కింది దవడని చూపుడు వేలితో మెల్లగా నొక్కి నాకు చూపించారు. రబ్బరు ముక్కలా లోపలికి పోయి మళ్ళీ వచ్చింది. ఎక్స్‌రే తీస్తే ఎముకలు తెల్లగా గీతలు గీసినట్టు కనపడాలి, దీనివి పొగలా ఉన్నాయి. ఎముకలు మెత్తబడే జబ్బు, మెటబాలిక్ బోన్ డిసీజ్. దవడ నొప్పితో నమలలేదు, కండరాలకి కాల్షియం అందక వణుకు, పేగులూ సరిగ్గా కదలవు, ఇంక ఆకలి ఎక్కణ్ణుంచి వస్తుంది? అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి చెప్పారు. ఇంత ముదిరిందంటే ఇది రెండు వారాల్లో వచ్చింది కాదు, మీ ఇంటికి రాక ముందే ఉంది.

నేను చేసిన తప్పుకి గట్టిగా కోప్పడ్డారు. చల్లబడి, ఒంట్లో నీరు తగ్గిన ప్రాణికి బలవంతంగా తిండి పెడితే అరగదు, లోపలే పులుస్తుంది. పైగా దాని గాలి గొట్టం నాలుక మొదట్లోనే తెరుచుకుంటుంది, సిరంజితో కొడితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, మెత్తబడిన దవడ విరిగిపోవచ్చు. ముందు వెచ్చదనం, తర్వాత నీరు, ఆ తర్వాతే తిండి అన్నారు. ఎండ కాగే చోట 35 నుంచి 38 డిగ్రీలు, మిగతా ట్యాంకు 27 నుంచి 30 దాకా ఉండాలి. ఆకుని పేగుల్లో పులియబెట్టుకుని అరిగించుకునే జంతువు కాబట్టి ఆ వేడి లేకపోతే ఎంత మంచి మేత పెట్టినా దండగే. మా ట్యాంకులో తెల్లవారుజామున థర్మామీటరు పెడితే 20 చూపించింది.

చర్మం కింద సెలైన్, కాల్షియం ఆయనే ఇచ్చారు. మనుషుల కాల్షియం, డీ3 మాత్రలు నూరి వెయ్యమని మాకు చాలామంది చెప్పారు, దయచేసి వెయ్యకండి, డోసు ఎక్కువైతే ఆ కాల్షియం గుండె, కిడ్నీల్లో పేరుకుంటుంది. ఇంటి దగ్గర మేం చేసింది ఇంతే. యూవీబీ ట్యూబు రోజుకి 12 గంటలు, మధ్యలో అద్దం లేకుండా. పొద్దున్నే పది నిమిషాలు భుజం దాటని గోరువెచ్చని నీళ్ళలో కూర్చోబెట్టడం. వారానికి ఒకసారి తూకం. ట్యూబు వెలుగుతూనే ఉన్నా ఏడాదిలోపు అందులో యూవీబీ తగ్గిపోతుందట, తెచ్చిన తారీఖు దాని మీదే రాసి పెట్టాం.

ఇరవై నాలుగో రోజున పెరట్లో మందారం కోసి కర్ర పక్కన పెట్టి నేను బయటకొచ్చేశాను. మనం చూస్తుంటే తినదు. తిరిగి వచ్చేసరికి ఒక రేకు అంచు చిన్న అర్ధచంద్రంలా కొరికి ఉంది. ఇంటిల్లిపాదీ ఆ రేకుని చూశాం. ఇప్పుడు మునగాకు, మందార ఆకు, తురిమిన గుమ్మడికాయ, బెండకాయ తింటోంది. పాలకూర మాత్రం రోజూ పెట్టకండి, అందులోని ఆమ్లం కాల్షియాన్ని పట్టేస్తుంది. చేలగట్టు మీది ఆకు అసలు కొయ్యకండి, మన దగ్గర వరికి ఏ మందు ఎప్పుడు కొట్టారో తెలియదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, వీటి మలంలో సాల్మొనెల్లా అనే, మనుషులకి జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు. మా దానికి వెనక ఎడమకాలు వంకరగానే మిగిలిపోయింది, అది ఇంక సరి కాదన్నారు.

కొనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, డబ్బు పంపే ముందు అది ఆకు తింటున్న వీడియో అదే రోజుది అడగండి, వెనక గోడ గడియారం కనపడేలా. వీలైతే వెళ్ళి చూడండి. నడిచేటప్పుడు పొట్ట నేల మీంచి పైకి లేస్తోందా, వేళ్ళు కర్రని గట్టిగా పట్టుకుంటున్నాయా, వాళ్ళ దగ్గర ఏ లైటు కింద ఉంది? "ఎప్పటికీ ఇంతే ఉంటుంది" అని మాక్కూడా చెప్పారు, పెద్ద ఇగువానా తోకతో కలిపి 5 అడుగులు దాటుతుంది, 15 ఏళ్ళకి పైగా బతకగలదు, ఒక గదంత చోటు కావాలి.

కాగితాల సంగతి కూడా. 2022లో వన్యప్రాణి రక్షణ చట్టాన్ని సవరించారు, ఇగువానా లాంటి విదేశీ జాతులు ఇప్పుడు షెడ్యూల్ 4 కిందకి వస్తాయి. 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ అనే వెబ్‌సైట్లో నమోదు చేయించాలి. అమ్మేవాణ్ణి వాడి నమోదు కాగితం అడగండి. నేను అడిగితే "అవన్నీ తర్వాత పంపిస్తానన్నా" అన్నాడు, ఎక్స్‌రే ఫొటో పంపిన రోజు నా నంబరు బ్లాక్ చేశాడు.

మొన్న తణుకు నుంచి ఒకాయన తెలిసినవాళ్ళ ద్వారా ఫోన్ చేశారు. అదే మనిషి దగ్గర, మేం కొన్న వారంలోనే కొన్నారట. "తినట్లేదండి, స్ట్రెస్ అంటున్నాడు, సిరంజితో పట్టించమన్నాడు" అన్నారు. వేళ్ళు అదురుతున్నాయేమో చూడమన్నాను. ఫోన్ పట్టుకునే ట్యాంకు దగ్గరికి వెళ్ళి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. విజయవాడ డాక్టరుగారి నంబరు పంపాను, సిరంజి పక్కన పెట్టేసి ఆ రాత్రే బయల్దేరారు.